కోళ్ల మహాసభ వారి జిప్పు ఫైలు

నేను ఒక జిప్పు ఫైలుని. తోలు ఫైలునని చెప్పుకోవాలని ఉంది కానీ, నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లకి అది అబద్ధమని క్షణంలో తెలిసిపోతుంది. నాది రెగ్జిను ఒళ్లు, కాఫీ పొడి రంగు. లోపల నల్లగుడ్డ లైనింగు, రెండు అరలు, పెన్ను దోపుకునే పట్టీ, మూడు వైపులా తిరిగే జిప్పు. ముందు ముందు మనుషుల అబద్ధాల గురించి చాలా చెప్పాల్సి ఉంది కనక, నా సంగతి ముందే ఒప్పేసుకోవడం మర్యాద అనిపించింది.

హైదరాబాదు పాతబస్తీలో ఒక మేడ మీది గదిలో పుట్టాను. ఖాజా మియా అనే దర్జీ నన్ను కుట్టాడు. నాలుగు రోజుల్లో నాలుగు వందల ఫైళ్లు కావాలని ఆర్డరు. నా లోపలి అర అడుగు కుడుతుండగా మిషన్లో దారం అయిపోయింది. కొత్త దారం ఎక్కించేలోపు టీ వచ్చింది. టీ తాగి వచ్చిన ఖాజా మియా నా పక్కనున్న ఫైలు అందుకున్నాడు. అలా నా లోపలి అరకి అడుగున మూడు వేళ్ల వెడల్పున కుట్టు పడకుండా ఉండిపోయింది. చిన్న కాగితాలేవైనా ఆ సందులోంచి జారి లైనింగు వెనక్కి పోతాయి. పైకి ఎవరికీ కనపడదు. పెద్ద లోపమేమీ కాదని చాలాకాలం అనుకున్నాను.

తరవాత నా గుండెల మీద బంగారు రంగు అచ్చు కొట్టారు. పైన 'కోడి క్షేమమే కుటుంబ క్షేమం' అని మెలికలు తిరిగిన చిన్న అక్షరాలు. దాని కింద 'రాష్ట్ర కోళ్ల పరిశ్రమ మహాసభ, హైదరాబాదు' అని ఇంకా చిన్నవి. అన్నిటికన్నా కింద బొటనవేలంత అంకెల్లో 23-11-2019. అచ్చు వేసినతనికి అంకెలంటే ఎందుకంత మోజో తెలియదు. అక్షరాలు ఏడాది తిరక్కుండానే అరిగి మసకబారాయి. అంకెలు మాత్రం ఇప్పటికీ ధగధగలాడుతున్నాయి.

ఆ సభకి వచ్చిన నాలుగు వందలమందికీ తలా ఒక ఫైలు పంచారు. నేను ఫణీంద్ర చేతికి వచ్చాను. కాకినాడవాడు. కోళ్లకి మందులమ్మే కంపెనీలో ఉద్యోగం. సభలో మూడు ఉపన్యాసాలు విన్నాడు, రెండిట్లో నిద్రపోయాడు, మధ్యాహ్నం భోజనంలో కోడికూరే వడ్డించినప్పుడు మాత్రం పక్కవాడితో కలిసి గట్టిగా నవ్వాడు. నవ్వితే బాగుంటాడు. మర్నాడు రైల్లో నన్ను తలకింద పెట్టుకుని కాకినాడ చేరాడు. ఇంటికి రాగానే రెండేళ్ల కూతురు తన్వి నా జిప్పు నోట్లో పెట్టుకుంది. భార్య శేషకుమారి దాన్ని లాగి, నన్ను పమిటచెంగుతో తుడిచి, "బావుందండీ ఇది, ఇంటి కాగితాలన్నీ ఇందులో పెట్టుకుందాం," అంది.

అంతటితో నా హోదా స్థిరపడింది. ప్రతి ఇంట్లోనూ బీరువా మీద ఒక ఫైలుంటుంది. రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, టీకాల కార్డు, పుట్టిన సర్టిఫికెట్టు అన్నీ అందులోనే. ఆ ఇంట్లో అది నేను. ఏ కాగితం కావాలన్నా, "ఆ కోళ్ల ఫైల్లో చూడండీ," అనేవాళ్లు. మొదట్లో ఇద్దరూ కలిసి నన్ను ముందేసుకుని వెతికేవారు, దొరికిన పాత ఫొటోలు చూసి వెతుకుతున్నదేమిటో మరిచిపోయేవారు. తరవాత ఎవరి కాగితం వాళ్లే వెతుక్కోవడం మొదలైంది. ఆ ఇంట్లో మాటలు ఎప్పుడు తగ్గాయని నన్నడిగితే, తేదీ చెప్పలేను. కేకలు మాత్రం ఎప్పుడూ లేవు.

అతను వెళ్లిపోయిన రోజున కూడా గొడవేమీ జరగలేదు. నన్ను కిందికి దించి తన డిగ్రీ మార్కుల లిస్టులు ఏరుకున్నాడు. తన్వి టీకాల కార్డు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, మళ్లీ నాలోనే పెట్టాడు. అనపర్తిలో తల్లి దగ్గర ఉంటానన్నాడు. కుమారి సరేనంది. ఇద్దరు చదువుకున్నవాళ్లు ఆరేడు మాటల్లో విడిపోవడం చూసి, కాగితం అవసరమే రాలేదు కదా అని నేను మురిసిపోయాను. ఫైలునై ఉండీ నాకంత తెలివితక్కువతనం ఏమిటో!

పదకొండు నెలలకి కాగితం వచ్చింది. లాయరు నోటీసు. విడాకులు కావాలని, ఎనిమిదేళ్ల తన్విని తండ్రికి అప్పగించాలని. శేషకుమారి పిల్లకి అన్నం పెట్టదట, చదువు చూడదట, మనసు నిలకడ లేని మనిషట. కుమారి కళ్లజోళ్ల దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంది. రోజుకి నలభైమందిచేత గోడ మీది అక్షరాలు ఓపిగ్గా చదివిస్తుంది. ఆ నోటీసుని మాత్రం ఒక్కసారి చదివి మడిచి పక్కన పెట్టింది. వంటింట్లోకెళ్లి కొళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చింది. అవతలి గదిలో తన్వి ఎక్కాలు చదువుకుంటోంది. ఆ పిల్ల పోతుందేమోనన్నదే కుమారి భయమంతా. విడాకుల మాట ఆవిడ రెండోసారి చదవనైనా లేదు.

దుకాణానికి కళ్లజోడు కోసం వచ్చే లాయరు హైమవతి గారికి మర్నాడు ఫోను చేసింది. ఆవిడ ఫోనులోనే చెప్పారు: "శనివారం పది గంటలకి రండమ్మా. అరగంట మీకే. మూడే తీసుకురండి. ఆ నోటీసు, పాప కాగితాలు, మీ చేత్తో మీరు రాసిన ఒక పేజీ. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, మీకేం కావాలి. ఒక్క పేజీ. రెండో పేజీ నేను చదవను."

కుమారి ఆ పేజీ మంగళవారం దుకాణంలో భోజనాల వేళ రాసి తెచ్చి నా లోపల పెట్టింది. నాలో ఉన్నది నేను చదువుతాను, అది మా జాతి లక్షణం. ఆగస్టు పదకొండున ఆయన స్కూలుకి వెళ్లి తన్విని నాకు చెప్పకుండా తీసుకెళ్లారు, నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు, పదిహేనున జ్వరంతో తెచ్చి గుమ్మంలో దింపి వెళ్లిపోయారు అని రాసింది. ఆ జ్వరానికి డాక్టరు రాసిచ్చిన చీటీ పాప కాగితాల్లో పెట్టింది. పేజీలో ఆ కింద ఇలా ఉంది: 'జూన్ ఎనిమిదిన పాప పుట్టినరోజుకి ఆయన వస్తే నేను తలుపు తీయలేదు. అది నా తప్పు. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. తన్వి నా దగ్గర ఉండాలి. ఇదే స్కూల్లో చదవాలి. ఆయన చూసుకోవచ్చు, తీసుకెళ్లొచ్చు. చెప్పి తీసుకెళ్లాలి, చెప్పిన టైముకి తీసుకురావాలి.' అంతే. పేజీలో ఇంకా నాలుగు గీతలు ఖాళీ.

నా కడుపులో అంత తేలికైన కాగితం అంతకుముందు ఎప్పుడూ పడలేదు. అది అలాగే లాయరు గారి బల్ల మీదికి చేరి ఉంటే, నా ఆత్మకథకి ఇంత పొడుగు అవసరం ఉండేది కాదు. బుధవారం పిఠాపురం నుంచి గవర్రాజు గారు దిగారు.

గవర్రాజు గారు కుమారికి మేనమామ. ప్రహరీగోడ విషయంలో పక్కింటివాళ్ల మీద ఇరవై రెండేళ్లు కేసు నడిపి ఓడిపోయిన మనిషి. గోడ పోయినా అనుభవం మిగిలింది. దాంతో చుట్టాల్లో ఎవరికి కోర్టు మాట వినపడినా సంచీ సర్దుకుని వచ్చేస్తారు. వస్తూనే కుమారి రాసిన పేజీ అడిగి, చేతులు బారజాపి పట్టుకుని చదివారు. కళ్లజోడు నంబరు మారిందని కుమారి మూడేళ్లుగా మొత్తుకుంటోంది. ఆయన వినరు.

"ఏంటే ఇది? పాలవాడికి చీటీ రాసినట్టుంది," అన్నారు. "కోర్టంటే ఏవనుకున్నావే కుమారీ? బలం ఉండాలి. తాగొచ్చాడని రాయి. కొట్టాడని రాయి."

"ఆయన తాగరు మావయ్యా. కొట్టలేదు కూడాను."

"ఆడు మాత్రం నువ్వు అన్నం పెట్టలేదని రాయలేదేంటి? పెట్టావా లేదా? మరి! తలుపు తియ్యలేదంట, అది నా తప్పంట. ఎవరడిగారే నిన్ను?"

"లాయరు గారు జరిగింది రాయమన్నారు. వద్దు మావయ్యా, అబద్ధాలు రాయకు. నా పిల్ల సంగతి ఇది."

"సర్లే, నీ ఇష్టం," అన్నారు గవర్రాజు గారు. ఆ మాట ఆయన నోట వింటే పిఠాపురంలో పసిపిల్లలు కూడా నమ్మరు. కుమారి నమ్మింది. గురువారం పొద్దున్నే దుకాణానికి వెళ్లిపోయింది.

ఆ గురువారం నేను పడ్డ యాతన అంతా ఇంతా కాదు. ముందుగా కుమారి తల్లి సీతారత్నం గారు నన్ను ఒళ్లో పెట్టుకున్నారు. లాయరు మూడే తెమ్మంది, నిజమే, కానీ ఆవిడకి తెలియని సంగతులు ఎన్ని ఉన్నాయో అని ఆవిడ బెంగ. ఇద్దరి జాతకాలు పెట్టారు, అందులో దోషం ఎవరిదో జడ్జిగారికి తెలియాలని. పెళ్లి వీడియో సీడీ పెట్టారు. తలంబ్రాల వేళ అల్లుడి మొహంలో నవ్వు లేని ఫొటో ఒకటి ఏరి పెట్టారు, మొదట్నించీ అతని వరస ఇంతేననడానికి సాక్ష్యంగా. అన్నవరం కుంకుమ పొట్లం సరేసరి. వీటికి తోడు గవర్రాజు గారు తన గోడ కేసు తీర్పు నకలు కుక్కారు. "నమూనాకుంటుంది," అన్నారు. ఓడిపోయిన కేసు ఎందుకు నమూనాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నా జిప్పు పళ్లు రెండు ఊడాయి.

తరవాత ఆయన తెల్లకాగితాలు తీసుకుని, నన్ను ఎదురుగా నిలబెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. 'శేషకుమారి అను నేను వ్రాయించునది ఏమనగా' అంటూ తొమ్మిది పేజీలు. మూడో పేజీ దగ్గర కథ మంచి పట్టులో ఉంది. సదరు ఫణీంద్ర అను నాతడు నన్ను నా గృహమందే జుట్టు పట్టి ఈడ్చి, కర్రతో కొట్టి, అని రాసి కలం ఆపారు.

"తేదీ ఉండాలి అక్కా. తేదీ లేకపోతే నమ్మరు."

"అల్లుడు కొట్టిందెప్పుడురా, తేదీ చెప్పడానికి?"

"ఏదో ఒకటి చెప్పు."

"నాకేం తెలుసు?"

ఆయన గెడ్డం గోక్కున్నారు. గోడ మీద కేలండరు వైపు చూశారు, అంకెలు ఆనలేదు. కళ్లు తిరిగి తిరిగి వచ్చి నా మీద ఆగాయి. మసకబారిన అక్షరాలు ఆయనకి కనపడే ప్రశ్నే లేదు. బొటనవేలంత అంకెలు మాత్రం కనపడ్డాయి. ఫైలు తయారుచేసినవాడు వేసిన తేదీ అనుకుని ఉంటారు. మొహం విప్పారింది. ఇరవై మూడు, పదకొండు, రెండువేల పంతొమ్మిది అని నోటితో అనుకుంటూ రాసేశారు. అయ్యా, ఆ రోజున ఆ మనిషి హైదరాబాదులో కోళ్ల మీద ఉపన్యాసం వింటూ నిద్రపోతున్నాడయ్యా, నేను అతని ఒళ్లోనే ఉన్నానయ్యా అని ఎంత గింజుకున్నానో! ఫైలు గింజుకుంటే ఎవరికి వినపడుతుంది? తన గుండెల మీది తేదీనే తన కడుపులోని అబద్ధానికి పెట్టించుకున్న ఫైలు లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కుమారి రాసిన పేజీని ఆయన ఉండచుట్టబోయారు. సీతారత్నం గారు చప్పున లాక్కున్నారు. "పిల్ల పేరున్న కాగితంరా, చింపకు," అని నాలుగు మడతలు పెట్టి నా లోపలి అరలో దోపారు. అది ఖాజా మియా టీ తాగిన చోటినుంచి మెల్లగా జారి లైనింగు వెనక్కి వెళ్లిపోయింది.

ఇన్ని కాగితాలు మారినా సాయంత్రం కుమారి చూసి ఉంటే సరిపోయేది. చూసేదే. కానీ శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. లాయరు గారి దగ్గరికి పదింటికి చేరాలంటే తొమ్మిదిన్నరకి బయల్దేరాలి. వేరే టైము అడగమని సీతారత్నం గారు పోరారు. కుమారి ఒప్పుకోలేదు. అప్పుడావిడ ప్రస్థానం పెట్టాలని నిశ్చయించారు. ప్రయాణపు రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి గడియ చూసి, మనిషికి బదులుగా ఒక వస్తువుని గడప దాటించి పక్కింట్లో ఉంచడాన్ని ప్రస్థానం అంటారు. ప్రయాణం అప్పుడే మొదలైపోయిందని రాహువుకి నచ్చజెప్పడం అన్నమాట. ఒకసారి దాటించాక ఆ వస్తువు మళ్లీ ఇంట్లోకి రాకూడదు. మనిషే వెళ్తూ వెళ్తూ దారిలో తీసుకోవాలి. గురువారం సాయంత్రం ఐదూ పదికి గడియ దివ్యంగా ఉందట. కుమారి దుకాణం నుంచి వచ్చేది ఏడింటికి. ఆవిడ వచ్చేసరికి నేను పసుపు బొట్టు పెట్టించుకుని పక్కింటి మంగతాయారు గారి బల్ల మీద ప్రయాణంలో ఉన్నాను.

"అమ్మా, ఫైలు ఒకసారి తెచ్చుకుని చూసుకుంటానే," అని కుమారి అనడం గోడ ఇవతలికి వినపడింది.

"వెనక్కి తెస్తే పని చెడుతుందే. నీ పిల్ల కోసవే కదా ఇదంతా," అన్నారు తల్లి. పిల్ల కోసమంటే ఎవరైనా రాహువుకి కూడా దణ్ణం పెడతారు.

మంగతాయారు గారు మర్యాదస్తురాలు. గురువారం రాత్రంతా నన్ను ముట్టలేదు. శుక్రవారం పొద్దున దుమ్ము పడుతుందని తుడిచారు. మధ్యాహ్నం, లోపల చెమ్మ చేరిందేమోనని జిప్పు తీశారు. చెమ్మ కోసం తొమ్మిది పేజీలూ చదివారు. మూడో పేజీని రెండుసార్లు చదివారు. సాయంత్రానికి మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకీ, "నాకెందుకమ్మా ఒకరి సంగతి," అని మొదలుపెట్టి చెప్పారు.

శనివారం తొమ్మిదిన్నరకి కుమారి నన్ను తీసుకోవడానికి వస్తే ఆవిడ గుమ్మంలో ఆపేశారు. "నేనేం చదవలేదమ్మా, గాలికి మూడో పేజీ కళ్లబడింది. ఆరేళ్లు గోడకి ఇవతల ఉన్నాను, మీ ఆయన నిన్ను కొట్టేవాడని నాకే తెలీకపోయిందే!"

కుమారి నన్ను అందుకుని గబగబా మెట్లు దిగింది. ఆటో ఎక్కగానే నా జిప్పు మీద చెయ్యి వేసింది. గవర్రాజు గారు ఆ చెయ్యి పట్టుకున్నారు. "ప్రస్థానం పెట్టినదాన్ని చేరేదాకా విప్పకూడదు," అన్నారు. అలాంటి నియమం ఏ పంచాంగంలోనూ లేదు, భానుగుడి సెంటరు మలుపు దగ్గర ఆయన అప్పటికప్పుడు కనిపెట్టారు. ఆటోలో ముగ్గురు, సీతారత్నం గారి ఒళ్లో మంచినీళ్ల సీసా, అరటిపళ్లు. నేను కుమారి గుండెకి ఆనుకుని ఉన్నాను.

లాయరు గారి గదిలో మొదటి పది నిమిషాలూ ప్రహరీగోడ గురించి నడిచాయి. హైమవతి గారు గడియారం చూసి, "మీరిద్దరూ కాసేపు బయట కూచోండి. పాప తల్లితో నేను మాట్లాడాలి," అన్నారు. గవర్రాజు గారు కదలలేదు. "బయటే కూచోండి," అని ఆవిడ మళ్లీ అన్నారు. ఈసారి కదిలారు.

నన్ను విప్పగానే కుంకుమ పొట్లం చిట్లి బల్లంతా ఎర్రబడింది. జాతకాలు, సీడీ, నవ్వు లేని ఫొటో, గోడ తీర్పు ఒకటొకటిగా బయటపడ్డాయి. హైమవతి గారు వాటిని పక్కకి నెట్టి తొమ్మిది పేజీల బొత్తి అందుకున్నారు. రెండో పేజీ చదవనన్న మనిషి, మూడో పేజీ దాకా వెళ్లారు. అక్కడ ఆగారు. ఆవిడ చూపు కాగితం మీంచి లేచి నా మీద పడింది. మళ్లీ కాగితం మీదికి వెళ్లింది. మళ్లీ నా మీదికి వచ్చింది. కొత్త కళ్లజోడు, మంచి చూపు. నా మీద ఉన్న ప్రతి అక్షరమూ చదివారు.

"ఈ ఫైలు ఎవరిదమ్మా?"

"మా ఆయనదేనండి. ఏదో కోళ్ల సభలో ఇచ్చారు."

"ఆ సభకి ఆయన వెళ్లారా?"

"ఎల్లారండి. హైదరాబాదు. మూడ్రోజులకి గానీ రాలేదు."

హైమవతి గారు మూడో పేజీని నా పక్కన పెట్టి, రెండిటి మీదా రెండు వేళ్లు ఆనించారు. కుమారి వంగి చూసింది. చదువుతూంటే ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నేను రాయలేదండి," అంది. "ఆయన నన్నెప్పుడూ కొట్టలేదండి. కర్ర కాదు, చెయ్యి కూడా ఎత్తలేదు."

"ఇది కోర్టుకెళ్లుంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా? అవతలివాళ్లు ఆ సభలో ఆయన దిగిన ఫొటో ఒకటి చూపిస్తారు. అంతే. ఆ తరవాత, మీరు ఫోనులో నాతో అన్నట్టు పిల్లని నాలుగు రోజులు చెప్పకుండా తీసుకెళ్లాడని ఎంత నిజం చెప్పినా జడ్జిగారికి ఈ కర్రే గుర్తొస్తుంది. పిల్ల పోయేది, మీ చేతుల్లోంచి మీరే తోసేసినట్టు. మీరు రాసిన పేజీ ఏది?"

కుమారి వెతికింది. రెండు అరలూ తిరగేసింది, పెన్ను పట్టీ కూడా లాగి చూసింది. తల్లీ, నన్నొక్కసారి తలకిందులు చేసి దులుపు అని నా ప్రాణం కొట్టుకుంది. ఆవిడ వేళ్లు లైనింగు మీదుగా రెండుసార్లు వెళ్లాయి. కాగితం అక్కడే ఉంది, గుడ్డకి ఇవతల ఆవిడ, అవతల అది. సిగ్గుతో చచ్చిపోయాను. ఖాజా మియా టీని నేను తిట్టుకున్నది ఆ ఒక్కసారే.

"ఎనిమిది నిమిషాలున్నాయి," అని హైమవతి గారు ఒక తెల్లకాగితం జరిపారు. "మళ్లీ రాయండి. గుర్తుంటుంది. జరిగింది కదా."

బల్లంతా కుంకుమ. కుమారి నన్ను మూసి, ఒళ్లో పెట్టుకుని, నా వీపు మీద కాగితం పరిచి రాసింది. ఒక్కో మాటా నాకు ఒత్తుకుంటూ దిగింది. ఆగస్టు పదకొండు. పదిహేను. జూన్ ఎనిమిది దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఇప్పుడు వదిలేసినా అడిగేవాళ్లు లేరు. అయినా 'నేను తలుపు తీయలేదు, అది నా తప్పు' అని రాసింది. ఆ ఇంట్లో ఆరేళ్లున్నాను. ఆ క్షణంలో ఆవిడంటే నాకు కలిగినంత గౌరవం ఎప్పుడూ ఎవరి మీదా కలగలేదు.

హైమవతి గారు ఆ పేజీ, నోటీసు, పాప కాగితాలు, డాక్టరు చీటీ తీసుకుని తన కొత్త ఫైల్లో పెట్టుకున్నారు. ఆ తొమ్మిది పేజీలు కుమారి చేతికిచ్చారు. కుమారి వాటిని అడ్డంగా ఒకసారి, నిలువునా ఒకసారి చింపి చెత్తబుట్టలో వేసింది. నన్ను మాత్రం హైమవతి గారు, "ఈ కోళ్ల ఫైలు మీరే ఉంచుకోండి, ఇది అవతలివాళ్ల సాక్షి," అని నవ్వుతూ తిరిగిచ్చేశారు.

బయట గవర్రాజు గారు లేచి నించున్నారు. "నా పాయింట్లు చూసిందా?"

"చూశారు మావయ్యా. మూడో పేజీ చాలాసేపు చూశారు. సోమవారం నువ్వు దుకాణానికి రా. కళ్లజోడు మారుస్తాను," అంది కుమారి. ఆయన సోమవారం నిజంగానే వెళ్లారట.

కేసు ఇంకా నడుస్తోంది. మా దేశంలో కేసులు నడవడానికే పుడతాయి. కానీ మూడో వాయిదాకే జడ్జిగారు మధ్యంతరంగా ఒక ఉత్తర్వు ఇచ్చారు. తన్వి తల్లి దగ్గరే ఉంటుంది, అదే స్కూలు. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున తొమ్మిదికి తండ్రి తీసుకెళ్లి సాయంత్రం ఆరింటికి తెచ్చి దింపాలి. ఆ కబురు విన్నరోజు సీతారత్నం గారు ప్రస్థానం మహిమ అని పక్కింటికెళ్లి చెప్పొచ్చారు. కుమారి కూతురి జడ వేస్తూ వేస్తూ జడ సగంలో ఆపి, ఆ పిల్ల వీపుకి మొహం ఆనించి ఉండిపోయింది.

ఇప్పుడు నేను తన్వి ఫైలుని. ఆదివారం ఆ పిల్లతో అనపర్తి వెళ్తాను. నాలో హోంవర్కు పుస్తకం, బొమ్మల కాగితాలు, జలుబు మందు చీటీ ఉంటాయి. ఇల్లు వదిలిన ఏడాది పైచిలుకు తరవాత నన్ను చూసి ఫణీంద్ర, "అరె, మన కోళ్ల ఫైలు!" అన్నాడు. ఆ 'మన' అనే మాటకి తనే కాస్త తడబడ్డాడు.

మొన్న రెండో ఆదివారం తన్వి రబ్బరు కనపడలేదని ఒకటే గోల. అతను నా లోపలి అరలో చెయ్యి పెట్టి వెతికాడు. వేళ్లు అడుగున సందులోకి దిగాయి. ఒక రబ్బరు దొరికింది, రెండో రబ్బరు దొరికింది, తరవాత నాలుగు మడతల కాగితం వచ్చింది. విప్పాడు. నిలబడి చదివాడు, మంచం మీద కూచుని మళ్లీ చదివాడు. లోపల్నించి వాళ్లమ్మ భోజనానికి పిలిచింది. వినపడలేదు. తన నోటీసులో ఏముందో అతను సంతకం పెట్టేటప్పుడు చదివి ఉండడు. అటువైపు కూడా ఎవరో ఒక గవర్రాజు గారు ఉండే ఉంటారు.

ఆ సాయంత్రం ఆరు కాకముందే స్కూటరు కుమారి ఇంటి గేటు ముందు ఆగింది. తన్వి లోపలికి పరుగెత్తింది. అతను నన్ను కుమారికి అందించాడు.

"లోపలి అరకి కుట్టు లేదు. కుట్టించాను," అన్నాడు. తరవాత, "నీ కాగితం ఒకటి దొరికింది," అన్నాడు.

"చదివారా?"

"చదివాను." గేటు గొళ్లెం ఒకసారి తీసి మళ్లీ వేశాడు. "పుట్టినరోజు నాడు నేను ఐదింటికొస్తానని చెప్పి తొమ్మిదింటికొచ్చాను. పిల్ల కేకు కొయ్యకుండా నిద్రపోయింది. అది రాయలేదే నువ్వు?"

కుమారి నన్ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"లాయరు గారు ఒక్క పేజీయే రాయమన్నారండి," అంది.

అతను తల ఊపి స్కూటరు తిప్పుకున్నాడు. ఆ పేజీ తిరిగి ఇవ్వలేదు, కుమారి అడగలేదు. అది అతని చొక్కా జేబులో ఉంది. నాలుగో ఆదివారం కూడా ఆరు కాకముందే వచ్చాడు.